పాలు తగ్గేంతసేపు

“సార్ ఎలా ఉన్నారమ్మా? ఈమధ్య కిందికి దిగటమే లేదు?”

కూరగాయల బండి మనిషి తక్కెడలో చిక్కుళ్లు వేస్తూ అడిగాడు. ఆమె సంచీ మూతి విడదీసి పట్టుకుని, “ఉన్నారు,” అంది.

అనేసి, చిక్కుళ్లు వేయించుకుని, మెట్లెక్కుతూ సగంలో కూలబడింది. ఆయన పోయి నెల దాటింది. ఉన్నారన్న మాట నోట్లోంచి ఎలా జారిందో ఆమెకే తెలియదు. అబద్ధమాడాలని కాదు. నిజం చెప్పే ఓపిక లేక. పోయారు అంటే ఆ ఒక్క మాటతో ఊరుకుంటారా ఎవరైనా? అయ్యో ఎప్పుడు, అయ్యో ఎలా, మాకు తెలియనే లేదే అంటారు. దగ్గు దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి మంచం దాకా రావాలి. మందుల షాపులో చెప్పింది. దర్జీకి చెప్పింది. పాల ప్యాకెట్లు వేసే ఆమెకు చెప్పింది. బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఎవరో పెద్దమనిషికి, తన స్టాపు దాటిపోతున్నా, చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆయన మళ్లీ కొత్తగా పోయినట్టుండేది. ఎన్నిసార్లని పోగొట్టుకుంటుంది?

ఆ ఊళ్లో ఎవరు పోయినా ఏళ్ల తరబడి ఊరికి చెప్పింది ఆయనే. ఆయన పోతే చెప్పే నోరు లేకపోయింది.

ఆయనది స్థానిక రేడియో స్టేషనులో అనౌన్సరు ఉద్యోగం. పాటలు వేసేవాళ్లూ, నాటికల్లో ఏడ్చేవాళ్లూ, ఆటలపోటీల గురించి అరిచేవాళ్లూ వేరే ఉండేవారు. ఆయన వంతుకు వచ్చింది పొద్దుటి ప్రకటనలు. ఏ వీధికి నీళ్లు రావు, ఎవరి కళ్లజోడు బస్సులో దొరికింది, ఏ రోడ్డు తవ్వి వదిలేశారు, ఎవరు పోయారు. ఆయన గొంతులో కాస్త జీర ఉండేది. మాటకీ మాటకీ మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా ఉండేది. అందుకని ఊరు ఆయనకు నిమ్మళంగారని పేరు పెట్టింది. అలా ఆమె బజారులో నిమ్మళంగారి భార్య అయింది. “నిమ్మళమంతా రేడియోలోనే. ఇంట్లో ఒక కాలి చెప్పు కనబడకపోతే చూడాలి ఈయన్ని,” అనేది ఆమె ఎవరైనా మెచ్చుకుంటే.

చావు కబుర్ల తర్వాత ఆయన కాసేపు ఆగేవారు. ఊరంతా ఎరిగిన ఆ ఆగటం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఊరికి తెలియదు. ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో, పొయ్యి మీద పాలు పెట్టి, పై అరలో ఉన్న రేడియో వింటోంది. అప్పట్లో ఆయన వచ్చిన చీటీ వచ్చినట్టు చదివేసేవారు. ఒక ముసలావిడ పోయిందని చెప్పి, అదే ఊపులో మార్కెట్ వీధికి కుళాయిలు రావని చెప్పారు. సాయంత్రం ఆయన ఇంకా చెప్పులు విప్పుతుండగానే ఆమె పట్టుకుంది.

“అదేంటండీ, మనిషి పోయిందన్న నోటితోనే కుళాయి రాదంటారు? కాస్త ఆగకూడదూ?”

“రేడియోలో ఆగకూడదే. ఆగితే స్టేషను చెడిపోయిందనుకుంటారు జనం.”

“అనుకోనివ్వండి. ఆ ముసలావిడకన్నా ఎక్కువా మీ స్టేషను?”

ఆయన నవ్వారు. “సరే తల్లీ. ఎంతసేపు ఆగమంటావో చెప్పు.”

ఆమెకు తెలిసిన కొలతలన్నీ పొయ్యి దగ్గరవే. “పాలు పొంగొస్తాయి చూడండి. మంట తగ్గిస్తాం. పొంగు మళ్లీ గిన్నెలోకి దిగుతుంది. అంతసేపు.”

మర్నాడు ఆయన చావు కబుర్లను చివరకు మార్చి, ఒక్కో పేరు చదివి అంతసేపు ఆగారు. ఆమె మంట తగ్గించి చూసింది. సరిగ్గా పొంగు దిగేసరికి ఆయన గొంతు మళ్లీ వచ్చింది. ఏ గడియారం చూసుకున్నారో, ఏం చేశారో, ఇంటికొచ్చాక అడిగితే, “గిన్నెను తలుచుకున్నాను,” అన్నారు.

మొదట్లో టీ కొట్టు దగ్గర వేళాకోళాలు నడిచాయి. “నిమ్మళంగారు కునుకు తీశారేమో, ఎవరైనా వెళ్లి లేపండర్రా” అనేవారు. మెల్లగా ఊరికి అలవాటైంది. వాళ్ల మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన, ఇస్త్రీ తాత, ఆ కాసేపూ పెట్టెను బట్టకు ఆనించకుండా ఎత్తి పట్టుకునేవాడు. పోయినవాళ్లు ఎవరో తెలియకపోయినా సరే.

స్టేషనుకు డైరెక్టర్లు వచ్చేవారు, పోయేవారు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి కెలకందే వెళ్లేవాడు కాదు. ఒకాయన, పొద్దున్నే చావు కబుర్లేమిటి, జనం మనసు పాడవుతుందని వాటిని మధ్యాహ్నానికి మార్చాడు. మధ్యాహ్నం రేడియో వినేదెవరు? తన మేనత్త పోయిన కబురు దర్జీకి చేరేసరికి ఆమెను సాగనంపటం కూడా అయిపోయింది. దర్జీ మెడలో కొలతల టేపుతోనే వెళ్లి డైరెక్టరు బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. అరవలేదు, తిట్టలేదు, ఏడ్చాడు. వారం తిరక్కుండా మళ్లీ పొద్దుటికి వచ్చాయి.

ఆ తర్వాత ఊరి అవతలి చివర ఇంకో స్టేషను పెట్టారు. ఏ కబురైనా అందరికంటే ముందు మేమే అనేది వాళ్ల గొప్ప. చావుల్లోనూ అదే పందెం. ఒకరోజు నిక్షేపంగా ఉన్న ఒక రిటైరైన గుమాస్తాను పొద్దున్నే చంపేశారు. ఆయన చేతికర్ర పట్టుకుని అంత దూరం నడిచి వెళ్లి, “నాయనా, నేను పోయానన్నారట. ఏ వేళకు పోయానో కూడా చెబితే ఇంటికెళ్లి మా ఆవిడకి చెబుతాను, ఎంత చెప్పినా నమ్మటం లేదు,” అన్నాడట. వాళ్లు క్షమించమని, ఆయన పేరు మీద ఒక హుషారు పాట వేశారు.

అది చూసి ఇక్కడివాళ్లు బుద్ధి తెచ్చుకోవాలా వద్దా? పులిని చూసి నక్క వాత పెట్టుకుంది. కొత్తగా వచ్చిన డైరెక్టరు ఒక పరుపుల కంపెనీని పట్టుకొచ్చాడు. మర్నాటి నుంచీ చావు కబుర్లకు ముందు ఒక అమ్మాయి గొంతు తేనె పూసినట్టు పలికేది: “ఈ మరణ వార్తలు మీకు సమర్పిస్తున్నవారు మేఘం పరుపులు. మేఘం పరుపు మీద హాయిగా నిద్రపోండి.”

ఆ వాక్యం ఆయన్నే చదవమన్నారు ముందు. “నా నోటికి రాదండీ” అని తప్పుకున్నారు. ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాం దాన్ని తలుచుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి ఆయన కళ్లు తుడుచుకుని, మర్నాడు చదవాల్సిన చీటీలు ముందేసుకున్నారు. ఊళ్లో పరుపులు కొనేవాళ్లు కూడా ఆ పేరు వింటే జడుసుకోవటం మొదలుపెట్టాక కంపెనీయే దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

వీటన్నిటినీ ఆయన తట్టుకున్నారు. తట్టుకోలేనిది కాపలా మిషను.

దాని సంగతి చెప్పింది తీగల తమ్ముడు. స్టేషనులో వైర్లూ మిషన్లూ చూసుకునే అతన్ని అందరూ అలాగే పిలిచేవారు. ఆయన్ని అన్నా అనీ, ఆమెను వదినా అనీ ఇంట్లో మనిషిలా తిరిగేవాడు. ఎప్పుడైనా కరెంటు పోయో, మనిషి నిద్రపోయో స్టేషను మూగబోతే జనం పక్క స్టేషనుకు పోతున్నారని, డైరెక్టరు ఒక మిషను తెప్పించాడు. గాలిలో కాసేపు చప్పుడు లేకపోతే చాలు, అది తనంతట తానే స్టేషను పాట అందుకుంటుంది.

మిషను పెట్టిన మొదటి రోజు చావు కబురు బడి పంతులమ్మది. ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి. ఆయన ఆ పేరు చదివారు, ఆగారు. ఆమె మంట తగ్గించబోయింది. పొంగు ఇంకా దిగనే లేదు, రేడియో ఒక్కసారిగా విరుచుకుపడింది. “హుషారే హుషారు! మన ఊరి హోరు!” ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. పాలన్నీ పొయ్యి పాలయ్యాయి.

“మిషను చాలా ఖరీదైంది, మీరే ఆగటం మానేయండి,” అన్నాడట డైరెక్టరు.

ఆ ఆదివారం తీగల తమ్ముడు వీళ్లింట్లోనే భోజనానికి కూర్చున్నాడు. “దానికి కావలసింది చప్పుడే అన్నా. ఏదో ఒక చప్పుడు. మనిషా మేకా అని అడగదు.”

“అయితే కాగితం ఆడించనా?”

“కాగితం చప్పుడైతే పేజీ తిప్పేసినట్టుంటుందండీ,” అంది ఆమె వడ్డిస్తూ.

“పోనీ దగ్గనా?”

“మీరు దగ్గితే రేపు మీ పేరు కూడా చేర్చి చదువుతారు పక్క స్టేషనువాళ్లు.”

తీగల తమ్ముడికి నవ్వొచ్చి పొలమారింది. అతని నెత్తి మీద తడుతూ ఆమె, “ఊపిరి పీల్చండి,” అంది. “మైకు దగ్గరగా జరిగి, కాస్త వినబడేట్టు. అలా అయితే ఆగినట్టూ ఉంటుంది, మిషనూ నోరు మూసుకుంటుంది.”

పని చేసింది. అప్పటినుంచీ పేరు తర్వాత ఊరికి ఆయన ఊపిరి వినబడేది. నెమ్మదిగా లోపలికి, నెమ్మదిగా బయటికి. మిషను నోరు మూయించడానికి పుట్టిన చప్పుడని ఎవరికీ తెలియదు. అది ఆయన పద్ధతే అనుకున్నారు. పొయ్యి దగ్గర నిలబడితే ఆమెకు ఆయన భుజం వెనకే ఉన్నట్టుండేది.

అలా చాలాకాలం గడిచింది. కూతురు పెద్దదై ఉద్యోగం చూసుకుని తన ఇంటికి తాను వెళ్లింది. డైరెక్టర్లు మారారు. మిషను మారలేదు.

ఒకరోజు పొద్దున ఊపిరి చివర సన్నగా ఈల వినబడింది. సెట్టులో లోపమేమోనని ఆమె మీట అటూ ఇటూ తిప్పింది. మర్నాడూ అదే. ఇంటికొచ్చాక అడిగింది.

“ఏమండీ, ఆ ఈల ఏంటి?”

“ఏ ఈల?”

“మీ ఊపిరిలో.”

“మైకు పాతదైపోయిందే. దానిది.”

తీగల తమ్ముడు వచ్చినప్పుడు మాటల్లో పెట్టి, “మైకు బాగా పాతదటగా తమ్ముడూ?” అంది. అతను చేతిలోని టీ గ్లాసులోకి చూస్తూ, “మొన్ననే కదా వదినా కొత్తది పెట్టాం,” అన్నాడు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అప్పుడు ఆమెకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఉక్కగా ఉందని ముందుగదిలో పడుకోవటం. మెట్లెక్కేముందు ఇస్త్రీ తాతతో పనిలేని కబుర్లు పెట్టుకుని నిలబడటం. ఇంట్లో నోటితో ఊపిరి తీసుకుని దాచగలిగారు. మైకు ముందు దాచలేకపోయారు.

ఆసుపత్రిలో డాక్టరు, “మీకెలా అనుమానం వచ్చిందమ్మా?” అని అడిగాడు.

“రేడియోలో విన్నానండీ.”

డాక్టరు ఆమెను చూసి, ఆయన్ని చూశాడు. “మా ఆవిడ తలకాయ బాగానే ఉందండీ, నా ఊపిరితిత్తులు చూడండి,” అన్నారు ఆయన.

ఆయన ఆసుపత్రి మంచం మీద ఉండగానే స్టేషను ఆఖరి తెలివైన పని చేసింది. ఎవరో పెద్ద కంపెనీవాళ్లు ఊళ్లో ఉన్న రెండు స్టేషన్లూ కొనేసి, పొద్దుటి కార్యక్రమం దూరాన ఒక నగరంలో కూర్చుని నడపటం మొదలుపెట్టారు. ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ పొద్దస్తమానం నవ్వుతారు. బయట కుండపోతగా వాన పడుతుంటే ఎండ అదిరిపోతోందంటారు. వాళ్లకు ఏ వీధి ఎటుందో తెలియదు, ఎవరింట్లో ఏమైందో అంతకన్నా తెలియదు. ఏ మీట తిప్పినా అదే నవ్వు. ప్రకటనలు తీసేశారు. చావు కబుర్ల సంగతి అడిగినవాళ్లకు, ఇప్పుడు అందరికీ ఫోన్లున్నాయి కదా అన్నారు.

“పోన్లే, ఎవరో ఒకరు నవ్వుతున్నారు,” అన్నారు ఆయన దిండు మీద తల తిప్పి.

పోయినప్పుడు కూతురు చుట్టాలందరికీ ఫోన్లో మెసేజీ పెట్టింది. రావలసిన చుట్టాలు వచ్చారు, వెళ్లారు. ఊళ్లోవాళ్ల ఫోను నంబర్లు ఎవరి దగ్గరున్నాయి?

“ఏంటమ్మా, అక్కడ కూలబడ్డావు?” కింద నుంచి ఇస్త్రీ తాత తొంగిచూశాడు.

“కూరగాయలాయన అడిగితే, ఉన్నారని చెప్పొచ్చాను తాతా.”

“ఎవరు ఉన్నారని?”

“ఆయన.”

తాత ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, మెట్ల దగ్గరికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. “రేడియోలో చెప్పించు తల్లీ. రేడియోలో చెప్పందే ఈ ఊళ్లో ఎవరూ పోయినట్టు కాదు. లేకపోతే నిన్ను ఇలా అడుగుతూనే ఉంటారు. నువ్వు ఎంతమందికని చెబుతావు?”

మర్నాడు ఆమె స్టేషనుకు వెళ్లింది. కూతురికి ఫోన్లో చెబితే, “ఎందుకమ్మా ఇప్పుడవన్నీ, నువ్వు ముందు నా దగ్గరికి వచ్చెయ్,” అంది. “వస్తాలే. ఈ పని ఒకటి చూసుకుని,” అంది ఆమె.

అన్ని గదులకూ తాళాలే. ముందుగదిలో ఒక మేనేజరమ్మాయి, లోపల తీగల తమ్ముడు, గుమ్మంలో వాచ్‌మన్. అంతే స్టేషను. అమ్మాయి మంచిదే. లేచి కుర్చీ వేసింది.

“ఆంటీ, ఇప్పుడా ప్రోగ్రాం లేదు. జనాల మూడ్ పాడుచేసేవి వేయొద్దని పైనుంచి ఆర్డరు. కావాలంటే శుభాకాంక్షల్లో పెట్టి చదివిస్తాను.”

“పోయినందుకు శుభాకాంక్షలా అమ్మా?”

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. కాసేపు బల్ల మీది కంప్యూటరు వైపు చూసింది. “పొద్దున టైర్ల ప్రకటన తర్వాత చిన్న జాగా ఉంది ఆంటీ. ఎవరైనా రికార్డు చేసిస్తే అందులో దూర్చేస్తాను. ఒక్క వాక్యం. పైవాళ్లు అడిగితే నేను చూసుకుంటాను.”

ఆమె తీగల తమ్ముణ్ణి చదవమంది. అతను మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, నోరు తెరిచి, మూశాడు. రెండోసారీ అంతే. లేచి వచ్చేశాడు. “నా వల్ల కాదు వదినా. తెగిన తీగ ఇవ్వండి, అతికిస్తాను. ఇది నా వల్ల కాదు.”

ఇక ఆమే కూర్చుంది. కుర్చీ స్పాంజి ఒక పక్కకు అణిగిపోయి ఉంది. మైకు ఆయన ఎత్తుకు బిగించి ఉంటే, తీగల తమ్ముడు మర తిప్పి కిందికి దించాడు. దించుతూ నెమ్మదిగా అన్నాడు.

“ఒక సంగతి వదినా. ఇప్పుడున్న మిషను పాతది కాదు, మాటల మధ్య ఖాళీ ఉంటే కోసేస్తుంది. మీరు ఎంతసేపు ఆగినా అవతల వినబడదు.”

“ఊపిరి తీసుకుంటేనో?”

“ఊపిరిని కూడా చెత్త కిందే లెక్కగట్టి శుభ్రం చేస్తుంది. ఆపాలంటే నగరంలోనే ఆపాలి. నా చేతుల్లో లేదు.”

ఇంతకాలం ఇన్ని రకాల తెలివితక్కువతనం చూసిన ఆమెకు కోపం కూడా రాలేదు. “కోసుకోనీలే తమ్ముడూ,” అంది.

ఎర్ర దీపం వెలిగింది. ఆమె వంగి, “ఈ ఊరికి పొద్దున్నే ప్రకటనలు చదివిన నిమ్మళంగారు పోయారు,” అంది.

అని ఆగింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. తీగల తమ్ముడు మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా, తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె గిన్నెను తలుచుకుంది. పొంగు పైకొచ్చింది. దిగింది. అప్పుడు అతని వైపు తల ఊపింది.

తెల్లవారాక పాలు పొయ్యి మీద పెట్టి, ఆయన పోయాక మొదటిసారి రేడియో పెట్టింది. నవ్వులు. ఏదో పాట సగం. మళ్లీ నవ్వులు. టైర్ల ప్రకటన మొదలవగానే చెయ్యి పైకెత్తి మీట మీద పెట్టుకుంది. ఇస్త్రీ తాత సెట్టులోంచి కూడా అదే టైర్ల ప్రకటన మెట్ల మీదుగా పైకి వస్తోంది. వీధి మొన టీ కొట్టులోంచీ అదే.

తన గొంతు తనకే కొత్తగా, ఎవరో పెద్దామె గొంతులా వినబడింది. “నిమ్మళంగారు పోయారు” అనటంతోనే మీట తిప్పేసింది. వెనకాల వచ్చేదేదో రాకముందే.

పొంగు గిన్నె అంచుదాకా వచ్చింది. రెండో చేత్తో మంట తగ్గించింది. కింద తాత సెట్టు కూడా మూగబోయింది. టీ కొట్టు రేడియో మాత్రం ఆగలేదు, అందులో ఆ ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఎవరో ఎవరినో విసుక్కున్నట్టు వినబడింది గానీ నవ్వు తగ్గలేదు. ఆమె గిన్నెనే చూస్తూ నిలబడింది. పొంగు మెల్లగా లోపలికి దిగింది. మళ్లీ రేడియో పెట్టలేదు.

కాస్త పొద్దెక్కాక కూరగాయల బండి కేక విని కిందికి దిగింది. బండి మనిషి ఆమెను చూసి, అరవబోయిన రెండో కేక మింగేశాడు. మొన్న ఉన్నారన్నారు కదమ్మా అని అడగలేదు. ఎప్పుడనీ, ఎలాగనీ అడగలేదు. ఆమె చూపించిన చిక్కుళ్లు తక్కెడలో వేశాడు. పళ్లెం ఊగి ఊగి నిలిచింది. నిలిచాక కూడా అతను తక్కెడను దించకుండా కాసేపు అలాగే ఎత్తి పట్టుకున్నాడు.

ఆమె సంచీ మూతి విడదీసి పట్టుకుని, అతను వేసేదాకా నిలబడింది.